పటమును పుటగా మార్చుట

చిత్రకారుడు గోడమీద దీపమును వ్రాసినచో గోడకు సొగసు హెచ్చును గాని యింటిలోని చీకటి తొలగదు. వెలుగు కావలెనన్న ప్రమిదయు, వత్తియు, నూనెయు వలయును. ఇది పసిబిడ్డలకును తెలిసిన మాట. అయినను నేడు మన చేతిలోని ఫోనులయందు కనబడుచున్న వెబ్ పుటలలో అనేకములు వ్రాసిన దీపములే గాని వెలిగించిన దీపములు కావన్నచో పలువురు నమ్మజాలరు. పటమునకును పుటకును గల యీ భేదమును గూర్చి, కొన్ని యేండ్లుగా ఈ పనిలో నున్నవారము గనుక, సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింప దలంచితిమి.

వెబ్ పుట యొకటి సిద్ధమగుటకు సామాన్యముగా రెండు తెగల పనివారు వలయును. మొదటి తెగవారు రూపకర్తలు. పుట యెట్లు కనబడవలయునో వీరు ఫిగ్మా, ఫోటోషాపు మున్నగు పనిముట్లతో పటము గీయుదురు. రంగులు, అక్షరముల పరిమాణము, బొమ్మల తావులు, నడుమ విడువవలసిన ఖాళీలు, అన్నియు అందులో నుండును. రెండవ తెగవారు ఆ పటమును ముందిడుకొని, బ్రౌజరు చదివి నడపగల భాషలో దానిని వ్రాయుదురు. మేము చేయునది యీ రెండవ పని. ఒక కంప్యూటరును, కొంత నెమ్మదియు నున్నచో ఇంటిపట్టున కూర్చుండి చేయదగినది. చూచువారు దీనిని నకలు వ్రాయుట యనుకొందురు. పటములో ఎఱుపున్నచోట ఎఱుపు, నలుపున్నచోట నలుపు పెట్టుటయే గదా యని మా యిరుగుపొరుగువారు పలుమాఱు అడిగిరి. మేము దీనిని వ్యాఖ్యానమందుము. ఏల యట్లనుచున్నామో వివరింతుము.

మాకు చిన్ననాట ఇంటనే కావ్యపాఠము జరిగెను. మా తండ్రిగారు పద్యమును చదివించి వెంటనే భావము చెప్పెడివారు కారు. ముందు పదచ్ఛేదము చేయవలెను, పిదప అన్వయము కూర్పవలెను, అటుపిమ్మట ప్రతిపదార్థము, తుదకు తాత్పర్యము. పద్యమునందు మాటలు ఛందస్సు కోరినచోట కూర్చుండును. కర్త నాలుగవ పాదమున దాగియుండవచ్చును. క్రియ మొదటి పాదముననే తొంగిచూడవచ్చును. అన్వయము తెలిసినవారికే యేది దేనితో చేరునో తెలియును. రూపకర్త గీసిన పటమును అట్టిదే. అందు ప్రతి వస్తువును కన్ను కోరినచోట కూర్చుండును.

ఒక పాఠశాల ప్రకటన యనుకొందము. ఎడమవైపున పెద్ద యంకెలలో తేది, కుడివైపున విద్యార్థినుల ఛాయాచిత్రము, నడుమ పాఠశాల పేరు, అడుగున చిన్న యక్షరములతో అర్హతలు, ఒక మూలను దరఖాస్తు మీట. కంటితో చూచువారు క్షణములో గ్రహింతురు. కాని భాషలో వ్రాయునపుడు ఏది ముందు, ఏది వెనుక? పేరు తెలియక మునుపే తేది చెప్పినచో, అది దేని తేది? మేము ముందుగా కాగితము తీసికొని, పటములోని మాటలన్నిటిని వాక్యక్రమమున వ్రాసికొందుము: ఎవరు, దేనిని, ఎవరికొఱకు, ఎప్పటిలోగా, ఎట్లు. ఆ క్రమము కుదిరిన తరువాతనే కంప్యూటరును ముట్టుదుము.

ఈ వ్రాతకు వలయు భాష హెచ్.టి.ఎం.ఎల్. అనునది. జెనీవా నగర సమీపముననున్న సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు 1989లో వెబ్బును ప్రతిపాదించెను. ఈ భాషకు మూలపురుషుడును ఆయనయే. ఒకరి పత్రమును మఱియొకరు ఏ కంప్యూటరునందైనను చదువగలుగుట ఆయన యుద్దేశము. కావున ఈ భాష వస్తువు ఎట్లు కనబడునో చెప్పదు. అది యేమో చెప్పును. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది మఱియొక పుటకు దారి, ఇది నొక్కదగిన మీట అని పేరుపెట్టుటయే దీని పని. శీర్షికలకు హెచ్ 1 మొదలు హెచ్ 6 వఱకు ఆఱు అంతస్తులు గలవు.

ఆ పేరుపెట్టుటలోనే వ్యాఖ్యాత తెలివి బయటపడును. పటములో పెద్ద యక్షరములతో నున్నదెల్ల శీర్షిక కాదు: పచ్చడి సీసా వెలను ఎంత పెద్దగా వ్రాసినను అది వెలయే. గుండ్రని మూలలు గల రంగుపెట్టెయెల్ల మీట కాదు. నిజమైన మీటకు మీట యని పేరుపెట్టినచో బ్రౌజరు దానిని వ్రేలితోను, కీబోర్డుతోను, నోటి యాజ్ఞతోను నొక్కుటకు వీలు కల్పించును. పేరుపెట్టక రంగు మాత్రము పులిమినచో అది గోడమీది దీపమే.

పుటకు రూపమునిచ్చు భాష వేఱుగా గలదు. దానిని సి.ఎస్.ఎస్. అందురు. 1994లో హోకన్ వియుమ్ లీ అను నార్వే దేశీయుడు దీనిని ప్రతిపాదించెను. 1996 డిసెంబరులో దీని మొదటి ప్రమాణము వెలువడెను. బ్రౌజరులన్నిట నది సరిగా పనిచేయుటకు మఱికొన్ని యేండ్లు పట్టినది. ఆ లోపల రూపకర్తలు ఊరకుండలేదు. అంకెలను వరుసగా చూపుటకై యేర్పడిన పట్టికలను పుటయంతయు పఱచి, పటమును ముక్కలు ముక్కలుగా కోసి వాని గడులలో నతికించిరి. ఖాళీ నిలుచుటకై ఒక్క పిక్సెలు కొలత గల కనబడని బొమ్మను సాగదీసి నడుమ దూర్చిరి. చూచుటకు పుట చక్కగానే యుండెడిది. ఒక్క మాట మార్చవలసివచ్చినచో మాత్రము పటమును మరల గీసి, మరల కోసి, మరల అతికింపవలెను.

2003లో డేవ్ షే అను రూపకర్త ఒక పుటను ప్రకటించి, అందలి హెచ్.టి.ఎం.ఎల్. వ్రాతను ఏమాత్రము మార్పక, సి.ఎస్.ఎస్. ఒక్కటే మార్చి ఎన్ని రూపములు కల్పింపవచ్చునో చూపుడని తోటి రూపకర్తలను ఆహ్వానించెను. పలుదేశములనుండి వచ్చిన యలంకారములతో ఆ యొక్క పుటయే ఒక్కొక్కమాఱు ఒక్కొక్క తీరున కనబడి, చూచినవారికి విశ్వాసము కుదిర్చెను. మన దేవాలయములలో ఉత్సవమూర్తి యొకటియే. బ్రహ్మోత్సవములలో దినమున కొక యలంకారము. నగలు మార్చుటకై మూర్తిని మరల పోతపోయువారు లేరు.

ఇక కొలతల సంగతి. పటమునకు వెడల్పు నియతము; పుటకు నియతము కాదు. సామాన్యపు ఫోనులో 360 పిక్సెలుల వెడల్పుండును. బల్లమీది కంప్యూటరులో 1920 ఉండవచ్చును. రూపకర్త సాధారణముగా రెండు పటములిచ్చును, ఫోనున కొకటి, కంప్యూటరున కొకటి. నడుమనున్న వెడల్పులకెల్ల మేమే యుపాయము చేయవలెను. 2010లో ఈథన్ మార్కాట్ అను అమెరికా దేశీయుడు ఒక వ్యాసమున దీనికి దారి చూపెను. నిడివులను పిక్సెలులలో గాక నిష్పత్తులలో చెప్పవలెను; బొమ్మలు తమ గడిని మించి పెరుగకుండ కట్టడి చేయవలెను; తెర వెడల్పు మాఱినచో కూర్పు ఎట్లు మాఱవలెనో ముందుగనే నియమము వ్రాయవలెను. 2017లో ప్రధాన బ్రౌజరులు గ్రిడ్ అను నిలువుటడ్డు గడుల పద్ధతిని కైకొనుటతో పని మఱింత సులువైనది.

మన స్త్రీలకిది క్రొత్త విద్య కాదు. పొరుగింటి పడతికి ముగ్గు చెప్పునపుడు వాకిలి యెన్ని మూరలో మనమడుగము. "పదునైదు చుక్కలు, ఎనిమిది వచ్చువఱకు సందుచుక్క" యందుము. ఆ మాట విన్న యామె చిన్న వాకిటనైనను పెద్ద వాకిటనైనను ఆ ముగ్గునే వేసికొనును. కొలతలు చెప్పియుండినచో ఆ ముగ్గు ఒక్క వాకిటికే సరిపోయి యుండును.

తెలుగు పుటలకు మఱికొన్ని చిక్కులు గలవు. పనిముట్లు పెక్కులు ఆంగ్లాక్షరముల కొలతకు చేయబడినవి. ఆంగ్లమున పంక్తికిని పంక్తికిని నడుమ విడుచు ఎడము మన లిపికి చాలదు. మన యక్షరములకు మీద గుడులు, క్రింద వత్తులు. 'రాష్ట్రము', 'స్త్రీ' వంటి మాటలలో ఒక వత్తుతోపాటు ఇంకొక వత్తు. ఆంగ్ల వాక్యమునకు సరిపోయిన పెట్టెలో తెలుగు వాక్యమును పెట్టినచో వత్తులు తెగిపోయి అత్త 'అత'యు, పిల్ల 'పిల'యు నగును. మేము పంక్తి యెత్తును అక్షర పరిమాణమునకు 1.7 రెట్లకు తగ్గనీయము.

రెండవ చిక్కు సమాసము. 'బాలికావసతిగృహప్రవేశప్రకటన' యని పటములో ఏకపదముగా వ్రాసినచో సొంపుగనే యుండును. 360 పిక్సెలుల ఫోనులో అది గడప దాటి బయటపడును. సమాసములన్న ప్రీతి గలవారమైనను అట్టిచోట పదములను విడదీయుడనియే చెప్పుదుము. 'బాలికల వసతిగృహము: ప్రవేశ ప్రకటన' యన్నచో అర్థమునకు లోపము లేదు.

మూడవది అక్షరముల సంగతి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణముననే తెలుగునకు తావు దొరకినది. అయినను బహుకాలము మనవారు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ఆకృతులను దాచిన ఫాంటులనే వాడిరి. ఆ ఫాంటు లేని కంప్యూటరున పుట తెఱచినచో అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడెడిది. ఆ బాధ తప్పించుకొనుటకై కొందఱు తెలుగు వ్రాతను బొమ్మగా మార్చి పుటలో నతికించిరి. ఆనాడు దానికొక కారణముండెను. నేడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ మున్నగు పేళ్లతో యూనికోడ్ ఫాంటులు వెల లేకయే దొరకుచున్నవి. కావ్యములు చదివినవారికి ఆ పేళ్లు చూచినంతనే మనసు నిండును. అయినను బొమ్మగా నతికించు నలవాటు పోలేదు. దాని ఫలమెట్టిదో మేము కన్నులార చూచితిమి.

మా యూరిలో చూపులేని గృహస్థు డొకడు మంచములకు నవారు నేయుచు సంసారము నడుపుకొనుచున్నాడు. తెరమీది మాటలను చదివి వినిపించు టాక్‌బ్యాక్ అను సాధనము ఆతని ఫోనులో గలదు. దానితో వార్తలును, ధరలును, చుట్టముల జాబులును తానే తెలిసికొనును. ఆతని కుమార్తె యైదవ తరగతి ముగించినది. ఒక వసతి పాఠశాలలో ప్రవేశముల ప్రకటన వెబ్ పుటలో వెలువడెనని విని, ఆతడు ఫోనును చెవియొద్ద నుంచుకొని ఆ పుటను తెఱచెను. ఆ పుటయంతయు ఒక్క బొమ్మ. రంగులు బాగుగనే యున్నవి. తేదియు, అర్హతలును, తేవలసిన పత్రములును అన్నియు అందే యున్నవి. ఫోను మాత్రము "చిత్రం" అని యొక్క మాట పలికి యూరకుండెను. మరల తట్టెను, మరల "చిత్రం". ఫోను చెడినదేమో యని బజారున బాగుచేయువానికి చూపి కొంత సొమ్మును చెల్లించెను.

నాలుగు దినములు గడచిన పిదప మావారియొద్దకు వచ్చి, "మాస్టారుగారూ, బడివారు ప్రకటన యింకా వ్రాయలేదు కాబోలునండి, బొమ్మ మాత్రమే పెట్టినారు" అనెను. మావారు పుటను తెఱచి చదివి వినిపించిరి. కడపటి తేది మఱునాడే. ఆ రాత్రి మా యింటనే కూర్చుండి దరఖాస్తు నింపితిమి. పిల్ల యిప్పుడు అచ్చట చదువుకొనుచున్నది. చదివి చెప్పువారు దాపున లేని తండ్రుల బిడ్డలు ఎందఱు మిగిలిపోయిరో యెవ్వరికి తెలియును? ఆ ప్రకటనను అక్షరములుగా వ్రాయుటకు ఒక పూటకంటె హెచ్చు పట్టదు. బొమ్మయే యుండవలెనని పట్టుదల యున్నచో, ఆల్ట్ అను పేర బొమ్మవెనుక దాని యందలి సంగతి వ్రాయుటకైనను వీలు గలదు. పుట తెలుగున నున్నదని మొదట నొక్క మాట తెలిపినచో చదువు సాధనము తెలుగు గొంతుకనే యెత్తుకొనును. ఇంత చిన్న పనిని మానుటవలన ఒక పిల్ల చదువు ఒక రాత్రిపై వ్రేలాడినది.

ఇది దయతో చేయు ఉపకారమని తలంపరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇట్టి సౌకర్యమును కోరుచున్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీముకోర్టువారు ఇంటర్నెట్టు సేవలను అందఱితోపాటు అందుకొనుట జీవనహక్కులోని భాగమని తీర్పు చెప్పిరి.

రూపకర్తలతో మాకు వైరము లేదు. మా ఆడబిడ్డ కుమార్తెయే హైదరాబాదులో ఆ పని చేయుచున్నది. ఇటీవల నొక మహిళాసంఘమువారి పచ్చళ్ల పుటకు ఆమె పటము గీసెను. మేము దానిని పుటగా వ్రాసితిమి. తెల్లని నేలమీద లేత బూడిదవన్నె యక్షరములు పెట్టియుండగా మేము వానిని ముదురు చేసితిమి. బొమ్మలలో గీసిన వెలలను వ్రాతగా నుంచితిమి. ఆ సాయంకాలమే ఆమె ఫోను చేసెను.

"అత్తయ్యా, పటములో ఉన్నట్లు రాలేదే! నా లేతరంగు ఏమైనది?"

"అమ్మలూ, నీ కన్నులు ఇరువది నాలుగేండ్లవి. పచ్చళ్లు కొనువారిలో అరువది దాటినవారే హెచ్చు. ఎండలో ఫోను పట్టుకొని నీ బూడిదరంగును వారు చదువగలరా?"

"సరే, వెలలు? బొమ్మమీద ఎంత బాగుండెనో!"

"నూనె ధర పెరిగినప్పుడెల్ల నీవు మరల పటము గీసి పంపుదువా తల్లీ? ఆ సంఘములో అంకె మార్చుకొనుట పదిమందికి తెలియును. పటము గీయుట ఒక్కరికిని తెలియదు."

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప, "అక్షరములు ముదురుగనే యుంచండి అత్తయ్యా, నేలకు నేను వేఱు వన్నె చూచి పంపుదును. ఖాళీలు మాత్రము తగ్గింపవద్దు" అనెను. ఆ మాట న్యాయమైనది. వస్తువునకును వస్తువునకును నడుమ ఎడమున్ననే గదా కన్ను దేనిని దేనితో కూర్పవలెనో తెలిసికొనును. ఆమె విడిచిన ఖాళీలలో నొక్కటియు మేము పోగొట్టలేదు. మఱునాడు ఆమె పంపిన లేతపసుపు నేల, మేము పెట్టిన తెలుపుకంటె మనోహరముగా నుండెను. వెబ్ ప్రమాణములు నిర్ణయించు సంఘమువారు 2008లో ప్రకటించిన నియమములయందు మామూలు యక్షరములకును నేలకును వెలుగులో కనీసము 4.5కు 1 వంతున భేదముండవలెనని యున్నది. ఆ కట్టుబాటులోనే యెన్నో వన్నెలు దొరకునని ఆమెయే మాకు చూపెను.

నేడు యంత్రములును ఈ పని చేయుచున్నవి. పటమునిచ్చినచో నిమిషములో హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్. వ్రాసి యిచ్చు సాధనములు వచ్చినవి. మేమును వానిని వాడుదుము. కొలతలు తీయు శ్రమ తగ్గినది. అయినను అవి యిచ్చిన వ్రాతను చదువక పుటలో నుంచము. పెద్ద యక్షరమునెల్ల శీర్షికయనియు, పెట్టెనెల్ల వట్టి పెట్టెయనియు వ్రాసిన సందర్భములు మాకు పలుమాఱు తారసిల్లినవి. ప్రతిపదార్థము ఎవరైనను వ్రాయుదురు. తాత్పర్యము చూడవలసినవారు చూడవలెను.

సోదరీమణులలో పలువురు నేడు సంఘములకో, బడులకో, తమ చిన్న వ్యాపారములకో పుటలు చేయించుకొనుచున్నారు. సొమ్ము చెల్లించుటకు ముందు ఈ పరీక్షలు చేసి చూడుడు. మొదటిది, మాటమీద వ్రేలు అదిమి పట్టుడు; ఆ మాట యెన్నికైనచో అది యక్షరము, కానిచో బొమ్మ. రెండవది, ఫోనులో అక్షరముల పరిమాణమును రెండింతలు చేయుడు. మాటలు తెగిపోవునో, ఒకదానిమీద నొకటి పడునో కనుడు. మూడవది, ఫోనును అడ్డముగా త్రిప్పి చూడుడు. నాలుగవది, బొటనవ్రేలితో మీటలను నొక్కుడు. 2023లో వచ్చిన నియమములు మీటకు కనీసము 24 పిక్సెలుల నిడివియు వెడల్పును అడుగుచున్నవి గాని, పనిచేసి గట్టిపడిన వ్రేళ్లకు అంతకు రెండింతలున్నను హెచ్చు కాదు. ఐదవది, టాక్‌బ్యాక్ పెట్టి, కన్నులు మూసికొని పుటనంతయు వినుడు. విన్నంతలో ఎవరు, ఏమి, ఎప్పుడు అనునవి వరుసగా తెలిసినచో ఆ పని చేసినవారికి ఉదారముగా సొమ్మిండు.

ఇక నేర్చుకొనగోరువారికి ఒక మాట. ఈ విద్యకు గణితము విశేషముగా అక్కఱలేదు. భాషలలోని యాజ్ఞలు ఆంగ్లపు ముక్కలే గాని, నిత్యము వాడునవి నలువదికి మించవు. బ్రౌజరులోనే యే పుటయొక్క వ్రాతనైనను తెఱచి చూడవచ్చును. దానికి వెల లేదు. భారతమో, మనుచరిత్రమో పెద్దలయొద్ద అన్వయముతో చదివినవారు మనలో నింకను గలరు. వారు సంకోచింపక, తమకు నచ్చిన ప్రకటన పటమొకటి ముందుంచుకొని, అందలి మాటలను కాగితముమీద వాక్యక్రమమున విడదీసి వ్రాయుటతో మొదలుపెట్టుదురు గాక.